ముక్కలు పట్టుకున్న చేతులు

(మా డ్రాయింగు మాస్టారి వర్ధంతి సభలో చేసిన స్మారకోపన్యాసానికి అచ్చుపాఠం)



పోయిన మనిషి జీవితమంతా ఏ విషయాన్ని పట్టించుకున్నారో దాన్ని ఇంకో నాలుగడుగులు ముందుకు తీసుకెళ్ళడానికే స్మారకోపన్యాసాలు ఉన్నాయని నా నమ్మకం. మాస్టారు పట్టించుకున్నది మనిషి పోలిక. నా బతుకుతెరువూ అదే. పోర్ట్రెయిట్లు వేస్తాను, వాటిలో ఎక్కువ పదవుల్లో ఉన్నవాళ్ళవి, పదవుల నుంచి దిగినవాళ్ళవి. కాబట్టి ఈ సాయంత్రం రాజకీయం గురించి, పేకాట గురించి, అధికారంలో ఉన్నవాళ్ళ బొమ్మల గురించి మాట్లాడతాను. మధ్యలో పేకాట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మాస్టారు మాకు చెప్పిన పాఠాల్లో అన్నిటికన్నా విలువైనది పేకాట దగ్గరే చెప్పారు, అందుకని.

మాస్టారు పేక ముట్టేవారు కాదు. అయినా సాయంత్రం పూట మమ్మల్ని వెంటబెట్టుకుని క్లబ్బు వరండాకి వెళ్ళేవారు. ఆడేవాళ్ళకి కాస్త ఎడంగా కూర్చోబెట్టి, "ముఖాలు వద్దురా, చేతులు వెయ్యండి" అనేవారు. మొదట్లో మాకు విసుగు. కొన్నాళ్ళకి చూపు కుదిరింది. ముక్కలు బాగా పడనివాడు పేకను మూసి పట్టుకుని బొటనవేలితో అంచు రుద్దుతూ ఉంటాడు. జోకరు పడ్డవాడు ఒక్క క్షణం కదలడు, తర్వాత సర్దనక్కర్లేని ముక్కల్ని సర్దుతాడు. ఓడిపోతున్న పెద్దమనిషి ముఖం మీద చిరునవ్వు చెరగదు గాని ఎడమ చెయ్యి మాత్రం పంచె కుచ్చిళ్ళు పట్టుకుని ఉంటుంది. ముఖానికి చిన్నప్పటి నుంచీ అబద్ధం నేర్పుతాం, చేతులకు ఎవరూ నేర్పరు అనేవారు మాస్టారు.

ఈ మాటకు చాలా ఏళ్ళ తర్వాత శాస్త్రం నుంచి సాక్ష్యం దొరికింది. 2013లో అమెరికాలో కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు పెద్ద పోకర్ పోటీలో ఆటగాళ్ళు పందెం కాస్తున్న వీడియో ముక్కలు తీసుకుని, పోకర్ గురించి పెద్దగా తెలియని విద్యార్థులకు చూపించారు. కొందరికి ముఖాలు మాత్రమే కనిపించేలా చేశారు, కొందరికి పందెం బిళ్ళలు ముందుకు తోస్తున్న చేతులు మాత్రమే. ఎవరి దగ్గర మంచి ముక్కలున్నాయో చెప్పమన్నారు. ముఖాలు చూసినవాళ్ళ అంచనాలు గుడ్డి ఊహ కన్నా మెరుగ్గా లేవు. చేతులు చూసినవాళ్ళు అంతకంటే బాగా చెప్పగలిగారు. పోకర్‌లో ముఖం బిగించడానికి పేరుపడ్డ ఆటగాళ్ళని కూడా చేతులు పట్టించాయి. నా వృత్తి మొత్తం ఈ ఒక్క సంగతి మీద నిలబడి ఉందని నేను చెప్పుకోగలను.

పోకర్‌కీ మనం ఎక్కువగా ఆడే రమ్మీకీ తేడా ఒకసారి చెప్పుకోవాలి. రమ్మీలో నేర్పు ఉంది, మూడు ముక్కలాటలా పూర్తిగా అదృష్టం మీద నడిచే ఆట కాదు అని సుప్రీంకోర్టు 1960ల చివర్లో చెప్పింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో, అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన అప్పీలు మీద ఇచ్చిన తీర్పు అది. రమ్మీలో ఎంత నేర్పున్నా చివరికి ముక్కలు దింపి చూపించాలి, సీక్వెన్సు లేకపోతే గెలుపు లేదు. పోకర్‌లో అలా కాదు. పందెం పెంచుకుంటూ పోతే, ఎదుటివాళ్ళు బెదిరి ముక్కలు పడేస్తే, బల్ల మీద డబ్బంతా నీది. నీ చేతిలో ఏముందో ఎవరికీ చూపించక్కర్లేదు. అంటే ఉన్నవి ఏ ముక్కలు అన్నది సగం, ఏవి ఉన్నాయని ఎదుటివాడు నమ్మాడు అన్నది మిగతా సగం. రాజకీయాలను దగ్గర్నుంచి చూసినవాళ్ళకి ఈ లెక్క వేరే వివరించక్కర్లేదు. సంఖ్యాబలం లేనివాడు ఉన్నట్టు కూర్చుంటాడు. టిక్కెట్టు రాదని తెలిసినవాడు ప్రచారరథం సిద్ధం చేయించుకుంటాడు.

అమెరికా అధ్యక్షులకు ఈ ఆటతో పాత చుట్టరికం. హ్యారీ ట్రూమన్ మొదటి ప్రపంచయుద్ధంలో తనతో పనిచేసిన స్నేహితులతో ఆడిన ఆటను వైట్‌హౌస్‌లోకి వచ్చాక కూడా మానలేదు. ఐసెన్‌హోవర్ కుర్ర ఆఫీసరుగా ఉన్నప్పుడు బాగా ఆడేవాడు. తోటివాళ్ళ జీతాలు, వాళ్ళ సంసారాలు తన చేతుల్లో గుల్ల అవుతున్నాయని మానేసి బ్రిడ్జికి మారాడు. రిచర్డ్ నిక్సన్ రెండో ప్రపంచయుద్ధంలో నౌకాదళ అధికారిగా దక్షిణ పసిఫిక్ దీవుల్లో ఉండగా పోకర్‌లో కొన్ని వేల డాలర్లు గెలిచాడు. 1946లో కాంగ్రెస్‌కి మొదటిసారి పోటీ చేసినప్పుడు అందులో కొంత ఖర్చుకి పనికొచ్చింది. ఒబామా ఇల్లినాయ్ రాష్ట్ర సెనేటులో ఉన్న రోజుల్లో తోటి సభ్యులతో చిన్న పందేల ఆటకు వెళ్ళేవాడు.

నాకు వీటన్నిటికన్నా 1946 మార్చిలో వాషింగ్టన్ నుంచి మిస్సోరీ వెళ్ళిన రైలు ముఖ్యం. ఆ రైల్లో ట్రూమన్, ఆయన అతిథిగా విన్‌స్టన్ చర్చిల్ ఉన్నారు. ప్రధానిగా బ్రిటన్‌ని యుద్ధంలో గెలిపించిన చర్చిల్ అంతకుముందు ఏడాది ఎన్నికల్లో ఓడి ప్రతిపక్షంలో కూర్చున్నాడు. ఫుల్టన్ అనే చిన్న ఊళ్ళో వెస్ట్‌మినిస్టర్ కాలేజీలో ఆయన మాట్లాడాలి. మార్చి 5న అక్కడ చేసిన ప్రసంగమే తర్వాత 'ఇనుప తెర' ప్రసంగంగా చరిత్రకెక్కింది. దారిలో పోకర్ నడిచింది. చర్చిల్‌కి ఆట మీద ఇష్టం ఉంది గాని, దాన్ని గొప్పగా ఆడేవాడు కాదు. అతిథి మరీ చితికిపోకూడదు, అలాగని కావాలని గెలిపిస్తున్నట్టూ తెలియకూడదు. ట్రూమన్ సహాయకులు ఈ రెంటి మధ్యా ఎంత ఇబ్బంది పడ్డారో వారిలో ఒకడైన క్లార్క్ క్లిఫర్డ్ తర్వాత రాసుకున్నాడు. ప్రపంచ పటాన్ని గీసి చూపించబోతున్న మనిషి, చేతిలో అధికారం లేకుండా, ఇంకొకరి రైల్లో, ఓడిపోయే ముక్కలు పట్టుకుని కూర్చున్నాడు. నేను బొమ్మ వేయాలని చాలాకాలంగా అనుకుంటున్న దృశ్యాల్లో అది ఒకటి.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళకు చర్చిల్ ఎదుట ఇంకో రకం ఆటగాడు కూర్చున్నాడు. ఆయన పేరు గ్రాహం సదర్లాండ్, చిత్రకారుడు. ఆ కథ కొంచెం నింపాదిగా చెప్పాలి, ఎందుకంటే పోర్ట్రెయిట్ వేసేవాళ్ళందరికీ అది పాఠ్యగ్రంథం.

అప్పటికి చర్చిల్ ముఖం ప్రపంచమంతా ఎరిగిన ముఖం. 1941 డిసెంబర్ 30న ఒట్టావాలో యూసుఫ్ కార్ష్ తీసిన ఫోటో అందుకు కారణం. ఫోటో తీసే ముందు కార్ష్ చర్చిల్ నోట్లోంచి చుట్ట లాగేశాడు. ఆ క్షణంలో గుర్రుగా చూసిన చూపే ఆ ఫోటో. హిట్లర్‌ని ఎదిరించిన దేశపు ముఖంగా అది నిలబడిపోయింది, ఈనాటికీ బ్రిటన్ అయిదు పౌండ్ల నోటు మీద ఉంది. అయితే ఒక ముఖం అంతగా పేరు పడ్డాక దాని యజమాని కూడా దానికి లొంగిపోతాడు. ఎవరైనా కెమెరా ఎత్తితే చాలు, ఆ చూపే వచ్చేస్తుంది. మనవైపు సినిమా నటుల్లోనూ నాయకుల్లోనూ దీన్ని నేను చూశాను.

1954 నవంబర్ 30కి చర్చిల్‌కి 80 ఏళ్ళు నిండుతాయి. మళ్ళీ ప్రధానిగా ఉన్నాడు. పార్లమెంటు ఉభయసభల సభ్యులు చందాలు వేసుకుని, 1000 గినీలకు సదర్లాండ్ చేత బొమ్మ వేయించి కానుకగా ఇవ్వాలనుకున్నారు. సదర్లాండ్ అప్పటికే రచయిత సోమర్సెట్ మామ్‌నీ, పత్రికాధిపతి లార్డ్ బీవర్‌బ్రూక్‌నీ వేసి, కనిపించినదే వేస్తాడనే పేరు తెచ్చుకున్నాడు. ఆగస్టు నెలాఖరులో చార్ట్‌వెల్‌లోని చర్చిల్ ఇంటికి వెళ్ళి సిట్టింగులు మొదలుపెట్టాడు. నన్ను దేవదూతలా వేస్తావా, బుల్‌డాగ్‌లా వేస్తావా అని చర్చిల్ అడిగాడట. మీరు ఏది చూపిస్తే అది అన్నాడట సదర్లాండ్. పోకర్ బల్ల దగ్గర వినిపించే సంభాషణ ఇది. ఒకడు పందెం పెంచాడు, రెండోవాడు ముక్కలు పడేయకుండా కూర్చున్నాడు.

ఆ గదిలో ఇంకో సంగతి ఉంది. 1953 జూన్‌లో, ఇటలీ ప్రధానికి ఇచ్చిన విందులో చర్చిల్‌కి పక్షవాతం వచ్చింది. ఎడమ పక్క దెబ్బతింది, మాట తడబడింది. దేశానికి ఆ సంగతి చెప్పలేదు. ప్రధానికి విశ్రాంతి అవసరం అన్న ప్రకటన మాత్రం వెలువడింది. పెద్ద పత్రికల యజమానులు కొందరు చార్ట్‌వెల్‌లోనే కలిసి, వార్త రాకుండా మాట్లాడుకున్నారు. వారిలో సదర్లాండ్ బొమ్మ వేసిన బీవర్‌బ్రూక్ కూడా ఉన్నాడు. చర్చిల్ పట్టుదలతో కోలుకున్నాడు. అదే ఏడాది అక్టోబర్‌లో మార్గేట్‌లో పార్టీ మహాసభ ముందు నిలబడి సుదీర్ఘంగా ప్రసంగించి, తనకేమీ కాలేదన్నట్టు నెగ్గుకొచ్చాడు. రాజకీయ చరిత్రలో ఇంత పెద్ద పందెం కాసి, ముక్కలు చూపించకుండా గెలిచినవాళ్ళు అరుదు. ఆ ధైర్యానికి నేను నమస్కరిస్తాను.

అలా గెలిచిన మనిషి ఎదుట, ఏడాది తిరిగాక, చూడటమే వృత్తిగా ఉన్న ఒకడు బొగ్గు ముక్క పట్టుకుని గంటలకొద్దీ కూర్చున్నాడు. తల విడిగా, చేతులు విడిగా స్కెచ్‌లు వేసుకున్నాడు. వాటిలో కొన్ని లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఇప్పటికీ ఉన్నాయి. బొమ్మ పూర్తయ్యే దాకా చర్చిల్‌కి చూపించడానికి సదర్లాండ్ ఇష్టపడలేదు. చర్చిల్‌కి గార్టర్ బిరుదు దుస్తుల్లో ఉండాలని ఉండేది. వేయించేవాళ్ళకు పార్లమెంటులో రోజూ కనిపించే మనిషి కావాలి. చివరికి నల్లకోటు, చుక్కల బో టై, గోధుమరంగు నేపథ్యం. మనిషి ఎదురుగా, బరువుగా, కుర్చీ నిండా ఉన్నాడు. దవడ బిగించే ఉంది, కార్ష్ ఫోటోలోని పట్టుదల ముఖంలో ఇంకా ఉంది. కిందికి చూస్తే చేతులు. రెండూ కుర్చీ చేతులను గట్టిగా పట్టుకుని ఉన్నాయి. లేవబోతున్నాడో, ఒరిగిపోకుండా నిలదొక్కుకుంటున్నాడో చెప్పలేం. దేశం మొత్తానికి తెలియకుండా దాచిన రహస్యం అక్కడ, వేళ్ళ కణుపుల దగ్గర, బయటపడిపోయింది. సదర్లాండ్‌కి జబ్బు సంగతి ఎంత తెలుసన్నది నాకు ముఖ్యం కాదు. చేతులు వేసినవాడికి అది తెలియక్కర్లేదు.

చర్చిల్ స్వయంగా చిత్రకారుడు. 1915లో పదవి పోయి కుంగిపోయి ఉన్నప్పుడు కుంచె పట్టాడు, జీవితంలో 500కు పైగా బొమ్మలు వేశాడు, చిత్రలేఖనం మీద చిన్న పుస్తకం కూడా రాశాడు. అలాంటివాడికి ఆ చేతులు ఏం చెబుతున్నాయో తెలియకుండా ఉంటుందా? అందుకే అంత కోపం వచ్చిందని నేను అనుకుంటాను. కానుక ఇచ్చే వేడుక ఆ బొమ్మ లేకుండానే జరుపుకుందామని సదర్లాండ్‌కి కబురు పంపాడు. చందాలిచ్చిన సభ్యుల మనసు నొచ్చుకుంటుందని చెప్పి ఒప్పించాల్సి వచ్చింది. వెస్ట్‌మినిస్టర్ హాల్‌లో బొమ్మ మీద తెర తీసినప్పుడు, ఇది ఆధునిక కళకు చెప్పుకోదగ్గ ఉదాహరణ అన్నాడు, సభ గొల్లున నవ్వింది. నాలుగు నెలలు తిరిగేసరికి, 1955 ఏప్రిల్‌లో, పదవికి రాజీనామా చేశాడు.

బొమ్మ ఇంటికి వెళ్ళింది, మళ్ళీ వెలుగు చూడలేదు. దాన్ని భార్య క్లెమెంటైన్ నాశనం చేయించిందన్న సంగతి ఆమె బతికి ఉన్నంతకాలం బయటకు రాలేదు. ఆమె పోయాక, 1978లో లోకానికి తెలిసింది. క్లెమెంటైన్ కార్యదర్శీ, ఆ కార్యదర్శి సోదరుడూ రాత్రిపూట తీసుకెళ్ళి మంటల్లో వేశారని ఆ తర్వాత బయటపడింది. భర్త ప్రతిరోజూ బాధపడటం చూడలేని భార్య మనసు నాకు అర్థమవుతుంది. అయినా నా తీర్పు మారదు. అది తప్పు. ఆ బొమ్మ చర్చిల్ తదనంతరం పార్లమెంటుకు చేరాలని దాన్ని ఇచ్చినవాళ్ళు అనుకున్నారు. వృద్ధాప్యాన్నీ జబ్బునీ పట్టుదలతో అణచిపెట్టి దేశాన్ని నడిపిన మనిషి ఎలా ఉంటాడో తర్వాతి తరాలు చూసుకోవలసిన సాక్ష్యం అది. మనకిప్పుడు ఫోటోలూ స్కెచ్‌లూ మాత్రమే మిగిలాయి.

దీనికి మూడు శతాబ్దాల ముందు, 1650లో, రోమ్‌లో వెలాస్కెజ్ పోప్ పదో ఇన్నోసెంట్ బొమ్మ వేశాడు. ఎర్రటి పట్టు, ఎర్రటి ముఖం, అనుమానంతో గుచ్చి చూసే కళ్ళు, వదులుగా కుర్చీ మీద వాలిన కుడిచెయ్యి, ఎడమచేతిలో చిత్రకారుడి పేరున్న కాగితం. మరీ నిజంగా ఉందని పోప్ అన్నాడని చెప్పుకుంటారు. అయినా తగలబెట్టలేదు. అది ఇప్పటికీ రోమ్‌లో ఆయన వంశం వారి గ్యాలరీలోనే ఉంది, వెళ్ళి చూడవచ్చు. పోప్‌ల చరిత్ర చదివితే ఇన్నోసెంట్ సాధువేమీ కాదు. కానీ ఆ ఒక్క విషయంలో ఆయన చర్చిల్ కుటుంబం కన్నా పెద్ద మనసు చూపించాడు.

అమెరికా అధ్యక్షుల్లో ఈ పరీక్షలో తప్పినవాళ్ళు ఉన్నారు. థియొడోర్ రూజ్‌వెల్ట్‌ని 1902లో షార్ట్రాన్ అనే ఫ్రెంచి చిత్రకారుడు సాధుజంతువులా వేశాడు. ఇంట్లోవాళ్ళు దాన్ని మ్యావ్ మనే పిల్లి అన్నారు, కొంతకాలం చీకటి మూల దాచి తర్వాత నాశనం చేశారు. మరుసటి ఏడాది జాన్ సింగర్ సార్జెంట్ వచ్చాడు. వైట్‌హౌస్ అంతా వెలుతురు కోసం తిరిగి తిరిగి, మెట్ల దగ్గర రూజ్‌వెల్ట్ విసుగ్గా ఆగి స్తంభం మీద చెయ్యి వేసిన క్షణంలో, కదలవద్దని చెప్పి ఆ భంగిమే వేశాడు. ఆ గుప్పిట్లో స్తంభం గుండు భూగోళంలా ఇమిడిపోయి ఉంటుంది. ఆ పాలకుడి ఆకాంక్ష చెప్పడానికి అంతకన్నా ఇంకేమీ అక్కర్లేదు. లిండన్ జాన్సన్ చిత్రకారుడు పీటర్ హర్డ్‌కి సరైన సిట్టింగు ఇవ్వలేదు, కూర్చున్న కాసేపూ కునికిపాట్లు పడ్డాడు. బొమ్మ చూశాక, తాను చూసినవాటిలో ఇంతటి అనాకారి వస్తువు లేదన్నాడు. పక్కన నార్మన్ రాక్‌వెల్ వేసిన బొమ్మ పెట్టి, ఇలా వేయాలి అని చూపించాడు. హర్డ్ చిన్నబుచ్చుకోలేదు. తన బొమ్మను వాషింగ్టన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీకి ఇచ్చేశాడు. అది ఇవాళ దేశం ఆస్తి.

ఆ రాక్‌వెల్ 1968లో నిక్సన్‌ని వేశాడు. నిక్సన్ ముఖం తనకు ఎంతకీ పట్టుబడలేదనీ, పొరపాటు జరిగితే అది ఆయనకు నచ్చే వైపే జరగనీ అని కావాలనే అందంగా వేశాననీ ఒప్పుకున్నాడు. పసిఫిక్ దీవుల్లో పోకర్ బల్ల దగ్గర ముఖాన్ని బిగించడం నేర్చుకున్నవాడు చిత్రకారుడికి సులువుగా ఎలా దొరుకుతాడు? రాక్‌వెల్ మంచి చిత్రకారుడు, మంచి మనిషి. ఆ బొమ్మలో మాత్రం ముక్కలు పడేసి లేచిపోయాడని నేను అంటాను. ఆ ఏడాది ఎన్నికలో గెలిచిన నిక్సన్ ఆరేళ్ళ తర్వాత ఏ రహస్యాలు బయటపడి దిగిపోయాడో మీకు తెలుసు.

మన కాలానికి వద్దాం. ఆండీ థామస్ అనే చిత్రకారుడు మిస్సోరీలోని కార్థేజ్ ఊరివాడు. అమెరికా అధ్యక్షులను, బతికున్నవాళ్ళనీ చనిపోయినవాళ్ళనీ కలిపి, పార్టీల వారీగా ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి బొమ్మలు వేస్తాడు, పేకాట బల్ల దగ్గర కూడా వేశాడు. అటు డెమొక్రాట్లనీ ఇటు రిపబ్లికన్లనీ సమానంగా వేశాడు. 2018 అక్టోబర్‌లో ఒక టీవీ ఇంటర్వ్యూలో వైట్‌హౌస్ గోడ మీద ఆయన బొమ్మ కనిపించి లోకానికి తెలిసింది. ట్రంప్ చుట్టూ నిక్సన్, రీగన్, ఐసెన్‌హోవర్, బుష్‌లు నవ్వుతూ కూర్చున్నారు, లింకన్ మనకు వీపు పెట్టాడు. ట్రంప్ ముందు కోక్ గ్లాసు. వెనకాల బల్ల వైపు నడిచివస్తున్న ఒక స్త్రీ ఆ పార్టీకి రాబోయే తొలి మహిళా అధ్యక్షురాలని థామస్ చెప్పాడు. ట్రంప్ స్వయంగా ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. ఇంతమంది పోలికలు ఒకే వెలుతురులో, ఒకే బల్ల దగ్గర కుదర్చడం చిన్న పని కాదు, చేసి చూసినవాళ్ళకి తెలుసు. కానీ ఆ బల్ల చుట్టూ ఎవరి చేతిలోనూ దాచుకోవలసినదేమీ లేదు. పందెం లేని ఆట అది. అందుకే కూర్చున్నవాళ్ళందరికీ నచ్చుతుంది.

2025 మార్చిలో దీనికి పూర్తిగా ఎదురు సంఘటన జరిగింది. కొలరాడో రాష్ట్ర క్యాపిటల్ భవనంలో సారా బోర్డ్‌మన్ వేసిన ట్రంప్ బొమ్మ 2019 నుంచీ ఉంది. అది తనను కావాలని వికారంగా చూపిస్తోందనీ, అదే చిత్రకారిణి ఒబామాను మాత్రం అద్భుతంగా వేసిందనీ ట్రంప్ సామాజిక మాధ్యమంలో రాశాడు. ఒకట్రెండు రోజుల్లో దాన్ని గోడ మీంచి దించేశారు. ఆ బొమ్మ గొప్పదా కాదా అన్న వాదనలోకి నేను వెళ్ళను. దాదాపు ఆరేళ్ళు ప్రజల గోడ మీద ఉన్న బొమ్మను ఒక్క మనిషి అయిష్టం మీద దించినందుకు నా అభ్యంతరం. ఒబామా కూడా తన అధికారిక చిత్రం గురించి బేరమాడానని 2018 ఆవిష్కరణ సభలో చెప్పాడు. నెరిసిన జుట్టు తగ్గించమన్నాడట, చెవులు చిన్నవి చేయమన్నాడట. చిత్రకారుడు కెహిండే వైలీ వినలేదు. పూలతీగల మధ్య కుర్చీలో ముందుకు వంగి, మోకాళ్ళ మీద చేతులు ఒకదాని మీద ఒకటి వేసుకుని కూర్చున్నట్టు వేశాడు. పోకర్ ఆడినవాడి కూర్చోవడమే అది. ఒబామా ఆ బొమ్మ పక్కనే నిలబడి తెర తీశాడు.

నా అనుభవం ఒకటి చెబుతాను, పేర్లు చెప్పను. ఒక మాజీ మంత్రిగారి బొమ్మ వేయమని ఆయన అభిమానులు పురమాయించారు. గంజి పెట్టిన తెల్లచొక్కా, చేతికి బంగారు పట్టీ వాచీ. సిట్టింగులో ఎంతో ఓపికగా కూర్చున్నారు, నవ్వు ముఖం చెదరలేదు. పక్కన స్టూలు మీద సెల్‌ఫోన్ ఉండేది. అది మోగకుండా వణికినప్పుడల్లా చూసి బోర్లా పెట్టేవారు. ముఖంలో ఏ మార్పూ లేదు. కుడిచెయ్యి మాత్రం ఎడమ మణికట్టు మీదికి వెళ్ళి వాచీ పట్టీని చుట్టూ తిప్పేది. ఆ రోజుల్లో ఆయన టిక్కెట్టు సంగతి తేలలేదని నాకు తర్వాత తెలిసింది. నేను ముఖాన్ని ఆయన చూపించినట్టే వేశాను. చెయ్యి మాత్రం మణికట్టు మీద వేశాను. పూర్తయ్యాక చూసి చాలాసేపు మాట్లాడలేదు. "చెయ్యి అలా వేశారేంటి ఆర్టిస్టు గారూ?" అన్నారు. "మీరు అలాగే కూర్చున్నారండి" అన్నాను. లోపలి నుంచి ఆయన భార్య వచ్చి చూశారు. "ఇది మీరేనండీ, రాత్రిళ్ళు నిద్రపట్టనప్పుడు ఇలాగే కూర్చుంటారు" అన్నారు. ఆయన ఇంకేం అనలేదు. ఆ బొమ్మ ఇప్పటికీ వాళ్ళ ముందుగదిలో ఉంది. ఆ పెద్దమనిషి మీద నా గౌరవం ఆ రోజు పెరిగింది.

బలవంతుల బొమ్మ వేయడమంటే వాళ్ళ గుట్టు రట్టు చేయడమని కొందరు కుర్ర చిత్రకారులు అనుకుంటారు. వాళ్ళ మాటలో ఆవేశం ఉంది, కానీ నేను ఒప్పుకోను. నాయకుడు ముఖం బిగించడం ప్రతిసారీ మోసం కాదు. యుద్ధంలో ఉన్న దేశానికి ప్రధాని భయపడుతున్నట్టు కనిపించకూడదు. కరువు జిల్లాకి వెళ్ళిన మంత్రి చేతులెత్తేసినట్టు నిలబడకూడదు. ఆ ముఖం కూడా ఆయన చేస్తున్న పనిలో భాగమే, దాన్నీ గౌరవించి వేయాలి. దానితోపాటు ఆ ముఖాన్ని నిలబెట్టడానికి లోపల పడుతున్న శ్రమను కూడా వేయాలి. అది చేతుల్లో ఉంటుంది, భుజాల్లో ఉంటుంది, కుర్చీ అంచున కూర్చున్న తీరులో ఉంటుంది. పొగడ్తకు వేసిన బొమ్మలోనూ ఎగతాళికి వేసిన బొమ్మలోనూ ఆ శ్రమ కనిపించదు. రెండూ ముఖం దగ్గరే ఆగిపోతాయి.

మన దగ్గర పరిస్థితి చూడండి. మన పార్లమెంటు సెంట్రల్ హాల్‌లో గాంధీజీ చిత్రాన్ని 1947 ఆగస్టు 28న రాజేంద్రప్రసాద్ గారు ఆవిష్కరించారు. వేసింది ఆస్వాల్డ్ బర్లీ, చర్చిల్ బొమ్మలు కూడా వేసిన ఇంగ్లీషు చిత్రకారుడు. స్వాతంత్ర్యం వచ్చిన రెండు వారాలకే మన సభ కుంచెతో వేసిన మనిషిని గోడ మీద పెట్టుకుంది. ఆ తర్వాత తెలుగు ఊళ్ళల్లో ఏం జరిగింది? ఒకప్పుడు సినిమా హోర్డింగులూ ఎన్నికల కటౌట్లూ నిచ్చెనల మీద నిలబడి చేత్తో వేసే పెయింటర్లు ఊరికి పదిమంది ఉండేవారు. ఫ్లెక్సీ వచ్చి వాళ్ళ పని పోయింది. ఫ్లెక్సీల మీద నాయకులు యాభై ఏళ్ళకీ డెబ్బై ఏళ్ళకీ ఒకే నునుపు ముఖంతో ఉంటారు. చేతులు నమస్కారంలో జోడించి ఉంటాయి, లేదా గాల్లో ఊపుతూ ఉంటాయి. అంటే చేతులకు కూడా ఇప్పుడు నటన నేర్పేశాం. నేను చూసిన జిల్లా పరిషత్తు హాళ్ళలో, విశ్వవిద్యాలయాల సెనేటు గదుల్లో ఉన్న పెద్దల బొమ్మల్లో చాలావరకు వాళ్ళు పోయాక పాస్‌పోర్టు ఫోటోలు చూసి వేసినవే. ముప్పై ఏళ్ళు ఒక ప్రాంతాన్ని ఏలిన మనిషి ఎలా కూర్చునేవాడో, కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు వేళ్ళు ఎలా వంచేవాడో చెప్పే సాక్ష్యం మనకు ఎక్కడా లేదు.

ఈ సభలో ప్రజాప్రతినిధులున్నారు, అధికారులున్నారు, విశ్వవిద్యాలయాల పెద్దలున్నారు. మీ అందరినీ చేతులు జోడించి అడుగుతున్నాను. శాసనసభకీ జిల్లా పరిషత్తుకీ విశ్వవిద్యాలయానికీ నాయకత్వం వహించినవాళ్ళ బొమ్మలు వాళ్ళు బతికి ఉండగా, ఎదురుగా కూర్చోబెట్టి వేయించండి. నాలుగు పూటల సమయం ఇవ్వమని వాళ్ళని అడగండి. పూర్తయ్యే దాకా బొమ్మను కూర్చున్న మనిషికి గాని, ఆయన అనుచరులకు గాని చూపించవద్దు. గోడ మీదికి ఎక్కాక, ఆయనకు నచ్చలేదనో పార్టీ మారిందనో దించవద్దు. బొమ్మ బాగుందో లేదో ముప్పై ఏళ్ళ తర్వాతివాళ్ళు తేలుస్తారు, అప్పటిదాకా అది అక్కడ ఉండాలి. ఇందుకు మనుషుల కొరత లేదు. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం నుంచి, విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి చిత్రకళ నేర్చుకున్న పిల్లలు ఏటా బయటకు వస్తున్నారు. వాళ్ళలో చాలామంది పెళ్ళి మండపాలకు బ్యాక్‌డ్రాపులు వేసుకుంటూ బతుకుతున్నారు. వాళ్ళకు ఈ పని ఇవ్వండి, న్యాయమైన పారితోషికం ఇవ్వండి, కనిపించినది వేసే స్వేచ్ఛ కూడా ఇవ్వండి.